ఎడమచేతి ఉంగరపు వేలు

నా కౌంటర్ మీద వేలిముద్రల మెషీన్ ఒకటి, కళ్ళకెదురుగా పట్టే ఐరిస్ కెమెరా ఒకటి, ముఖం చూపించడానికి ఒక ఫోను ఉంటాయి. ఇంకో పాత వేలిముద్రల మెషీన్ కూడా ఉంది గానీ దానికి కాలం చెల్లింది, కాగితాలు ఎగిరిపోకుండా బరువుకి పెడుతున్నాను. వీటన్నిటికంటే ఎక్కువ అక్కరకొచ్చేది సొరుగులో ఉన్న రూళ్ళ పుస్తకం. అందులో రాత ఇలా ఉంటుంది:

జీడి మామ్మ – ఎడమ ఉంగరపు వేలు. కుడిచేయి వద్దు.
కొమ్ము బాబాయి – ముఖం. లోపల కాదు, అరుగు మీద.
గుమస్తా తాత – కళ్ళు. కళ్ళజోడు తీయమంటే తిడతాడు, తిట్టనీ.
రొట్టెల పిన్ని – ఏ వేలైనా పరవాలేదు. పొద్దున్న మాత్రం వద్దు.

అసలు పేర్లు లేవు, ఆధార్ నంబర్లు లేవు. ఎవరి చేతికి చిక్కినా వాళ్ళకి ఒరిగేదేమీ లేదు. మొన్న సెలవులకొచ్చిన మా మేనల్లుడు దీన్ని తిరగేసి, "అత్తా, ఇది మా సిలబస్‌లో ఉంది. మల్టీమోడల్ బయోమెట్రిక్స్ అంటారు" అన్నాడు. వేలు, కన్ను, ముఖం ఇలా ఒకటికి మించిన గుర్తులతో మనిషిని పోల్చుకోవడమట. పేరేదైతేనేం, పన్నెండేళ్ళ నుంచి నేను చేస్తున్న పని గురించి ఒకసారి రాసుకోవాలనిపించింది.

మాది పర్లాకిమిడి. గజపతి జిల్లా, ఒడిశా. నాలుగడుగులేస్తే పాతపట్నం, అక్కడి నుంచి ఆంధ్రా. బోర్డులు ఒడియాలో, బేరాలు తెలుగులో. తెలుగువాళ్ళు నన్ను అప్పా అంటారు, ఒడియావాళ్ళు అపా అంటారు, రెండిటికీ అర్థం ఒకటే కాబట్టి ఎవరు పిలిచినా పలుకుతాను. సంతరోజు కొండ దిగొచ్చే సవర ఆడవాళ్ళకీ ఆ మాట అలవాటైపోయింది. నా దుకాణంలో జరిగే పనులన్నీ ఒకే ప్రశ్న చుట్టూ తిరుగుతాయి: ఎదురుగా కూర్చున్న మనిషి ఆ మనిషేనా? ఖాతాలోంచి డబ్బులు తీయాలన్నా, పింఛను మనిషి బతికున్నాడని పంపాలన్నా, కేవైసీ చేయాలన్నా అదే.

నేనీ పనిలోకి వచ్చింది 2013లో. అప్పుడు ఊళ్ళలో ఆధార్ క్యాంపులు నడుస్తున్నాయి, ఒక ఏజెన్సీ కింద ఆపరేటర్‌గా చేరాను. స్కూలు వరండాలో బల్ల, దాని మీద ల్యాప్‌టాప్, నాలుగు వేళ్ళు ఒకేసారి పట్టే స్కానర్, బైనాక్యులర్ లాంటి ఐరిస్ కెమెరా, వెబ్‌క్యామ్, మనిషి వెనక తెల్లగుడ్డ, చెవి పక్కన జనరేటర్ మోత. ఎడమచేతి నాలుగు వేళ్ళు, కుడిచేతి నాలుగు, ఆఖర్న రెండు బొటనవేళ్ళు కలిపి. కళ్ళు రెండూ, ఫొటో సరేసరి. ఐదేళ్ళ లోపు పిల్లలకు ఫొటో ఒక్కటే. ఐదేళ్ళు నిండాక ఒకసారి, పదిహేను నిండాక ఇంకోసారి వేళ్ళూ కళ్ళూ కొత్తగా ఇవ్వాలి.

ప్రతి ముద్రకీ సాఫ్ట్‌వేర్ అక్కడికక్కడే మార్కులు వేసేది. బాగుంటే పచ్చ, బాగోకపోతే ఎరుపు. ఎరుపొస్తే మళ్ళీ తీయాలి. ఎన్నిసార్లు తీసినా ఎరుపే అయితే అప్పుడు ‘ఫోర్స్ క్యాప్చర్’ అని ఒక దారి తెరుచుకుంటుంది. అంటే, ఇంతకంటే మంచిది రాదు, ఉన్నదే తీసుకో అని. చేతులు లేనివాళ్ళకి, వేళ్ళు పోయినవాళ్ళకి వేరే పద్ధతి ఉంది. ఈ బటన్ వేళ్ళుండీ పడనివాళ్ళ కోసం.

మాకు మనిషికింత అని లెక్క. వరండా బయట జనం, లోపల జనరేటర్‌లో డీజిల్ ఎంతుందోనని టెన్షన్. నేనూ నొక్కాను ఆ బటన్. చాలాసార్లు. తడిగుడ్డతో తుడిచి, రెండు నిమిషాలు కూర్చోబెట్టి మళ్ళీ తీసుంటే పచ్చ వచ్చే వేళ్ళే వాటిలో ఎన్నో. ఒక మధ్యాహ్నం తొందరలో తీసిన బొమ్మ, ఆ తర్వాత ఏళ్ళ తరబడి ఆ మనిషి వేలు పెట్టిన ప్రతిచోటా పక్కన పెట్టి చూసే బొమ్మ అవుతుందని అప్పట్లో నాకు తట్టలేదు.

అన్ని వేళ్ళెందుకు, కళ్ళెందుకు అని క్యాంపులో అందరూ అడిగేవాళ్ళు. అప్పుడు నాకూ తెలియదు, "పైనుంచి ఆర్డర్" అనేదాన్ని. తర్వాత అర్థమైంది. నమోదు చేసేటప్పుడు అడిగే ప్రశ్న ‘ఈ మనిషి దేశంలో ఇంకెక్కడైనా ఇదివరకే ఉన్నాడా?’ అని. వంద కోట్లమందికి పైగా ఉన్న గుంపులో వెతకాలి. ఒక్క వేలితో వెతికితే దగ్గర దగ్గరగా కనిపించేవాళ్ళు వేలమంది తేలతారు. పది వేళ్ళు, రెండు కళ్ళు కలిస్తేనే ఆ గుంపులోంచి ఒక్కరు విడిగా నిలబడతారు. నా దుకాణంలో అడిగేది వేరే ప్రశ్న. నంబర్ ముందే చెప్పేస్తారు, ‘నువ్వు ఫలానావా, కాదా?’ అంతే. దానికి ఒక్క వేలు చాలు.

చాలాలి మరి.

మెషీన్ లోపల జరిగేది చెప్తాను. పైన కనిపించే గాజు కింద పట్టకం లాంటిది ఉంటుంది, దాని కింద దీపం, కెమెరా. వేలు ఆనించినప్పుడు ఉబ్బెత్తు గీతలు గాజుకి తగులుతాయి, మధ్య సందుల్లో గాలి ఉంటుంది. తగిలినచోట వెలుగు ఒకలా, గాలి ఉన్నచోట ఇంకోలా తిరిగొస్తుంది. ఆ తేడానే బొమ్మ. ఆ బొమ్మలో గీత ఎక్కడ ఆగింది, ఎక్కడ రెండుగా చీలింది అని చుక్కలు గుర్తుపెట్టుకుని, చుక్కల్ని చుక్కలతో పోలుస్తుంది.

కాబట్టి మా ఊళ్ళో మనిషి చేసే పనిబట్టి వేలు పడుతుందో లేదో ముందే చెప్పేయొచ్చు. కొమ్ము బాబాయి పశువుల కొమ్ముతో కొంగలు, రొయ్యలు చేస్తాడు. పర్లాకిమిడి కొమ్ముబొమ్మలంటే పేరున్న పని. ఆకురాయితో అరగదీసి, నున్నగా మెరుగు పెట్టాలి. కొమ్ముతో పాటు ఆయన వేళ్ళూ మెరుగెక్కిపోయాయి. గాజు మీద పెడితే తెరమీద ఒక బూడిదరంగు మచ్చ, అంతే. రొట్టెల పిన్నికి పొద్దుటి పూట పిండీ నీళ్ళూ తప్ప మరోటి ఉండదు. నాని ముడతలు పడ్డ వేలికి సందుల్లో గాలి బదులు నీళ్ళుంటాయి, మొత్తం నల్లగా వస్తుంది. మధ్యాహ్నానికి ఆరిపోయి సుబ్బరంగా పడుతుంది. చలికాలంలో దీనికి ఎదురు సమస్య, చర్మం ఎండి గీతలు సగం సగమే తగులుతాయి. అప్పుడు వేలిని ఒకసారి నుదుటి మీద రుద్దుకోమంటాను. నుదుటి జిడ్డు చాలు. కొందరు ఇంటిదగ్గరే కొబ్బరినూనె ఒళ్ళంతా పట్టించుకున్నట్టు పట్టించుకుని వస్తారు, వాళ్ళ వేలు పడదు సరికదా, ఆ నూనె మరక తర్వాతి మనిషి వేలి కింద దెయ్యంలా కనిపిస్తుంది.

ఇక జీడి మామ్మ.

కాశీనగర్ వైపు పల్లె ఆవిడది. వయసులో ఉన్నప్పటి నుంచీ పలాస వైపు జీడి బట్టీల్లో గింజలు కొట్టింది. జీడిపిక్క పెంకులో నూనె ఉంటుంది, చర్మాన్ని కాల్చేస్తుంది. చేతులకి బూడిద రాసుకుంటారు, ఆముదం రాసుకుంటారు, అయినా వేళ్ళ కొనలు నల్లబడి, పొరలు లేచి, మళ్ళీ కొత్త తోలు వచ్చి, మళ్ళీ కాలి... మామ్మ బొటనవేలు పట్టుకుని చూస్తే పాత చెప్పు అడుగులా ఉంటుంది. ముసలితనంలో పింఛను ఖాతాలో పడుతుంది, దాన్ని తీసుకోవడానికి నా దగ్గరకొస్తుంది.

మొదటిసారి వచ్చినప్పుడు కుడి బొటనవేలు పెట్టించాను. తీసిన బొమ్మ నాణ్యత ఎంతో మెషీన్ చెబుతుంది. డెబ్బై దాటింది, పచ్చ. పంపించాను. 300 అని వచ్చింది. ఈ పనిలో ఉన్నవాళ్ళందరికీ ఆ నంబర్ నిద్రలోనూ గుర్తే: బయోమెట్రిక్ సరిపోలలేదు అని. ఇంకోసారి, ఇంకోసారి. 300, 300.

"ఏటి తల్లీ, నా ఏళ్ళు నాయి కావంతందేటి?" అంది మామ్మ.

నేనేం చెప్పానంటే, "నీ వేళ్ళు అరిగిపోయాయి మామ్మా, బ్యాంకుకెళ్ళు" అన్నాను. బొమ్మ పచ్చగా వచ్చింది కదా, మెషీన్ తప్పు లేదు, కాబట్టి తప్పు మామ్మ వేలిదే అని నా లెక్క. బ్యాంకులో సాక్షిని తెచ్చుకోమన్నారట. తోడొచ్చే మనిషి దొరక్క తిరిగొచ్చింది. రెండో నెల మళ్ళీ నా దగ్గరికి, మళ్ళీ అదే వేలు, మళ్ళీ 300. ఈలోగా బీపీ మాత్రల కోసం పక్కింట్లో వడ్డీకి తీసుకుంది. ఆ సంగతి మూడోసారి వచ్చినప్పుడు ఏడుస్తూ కాదు, మామూలుగా, దారిలో బస్సు లేటైందని చెప్పినట్టు చెప్పింది.

ఆ రోజు దుకాణంలో ఎవరూ లేరు. పది వేళ్ళూ ఒక్కొక్కటే పెట్టించాను. కుడిచేయి అయిదూ పోయాయి. ఎడమ బొటనవేలు, చూపుడు వేలు, మధ్యవేలు పోయాయి. ఉంగరపు వేలు పెట్టగానే ‘సక్సెస్’. నేను తెరవంకే చూస్తుంటే మామ్మ తన వేలు చూసుకుని నవ్వింది. "ఇది పని సెయ్యదు కదా, అందుకే బతికుంది" అంది. నిజమే. పిక్కని పట్టుకునేది బొటనవేలు, చూపుడు వేలు, మధ్యవేలు. ఉంగరపు వేలు పక్కన ఊరికే ఒదిగి ఉంటుంది. నూనె దాని దాకా అంతగా రాలేదు. రూళ్ళ పుస్తకంలో మొదటి గీత ఆ సాయంత్రమే పడింది.

ఆ డెబ్బై మార్కు దేనికి వేసిందో తర్వాత అర్థమైంది. అది బొమ్మకి వేసిన మార్కు. ఫొటో స్పష్టంగా ఉందా లేదా అన్నదే అది చెబుతుంది, ఫొటోలో ఉన్నది ఎవరో చెప్పదు. అరిగిన వేలిని కూడా చక్కగా, స్పష్టంగా బొమ్మ తీయొచ్చు. ఎన్నేళ్ళ కిందటో క్యాంపులో తీసిన బొమ్మ బాగోకపోతే ఇవాళ్టి బొమ్మ ఎంత బాగుండి ఏం లాభం? మామ్మ నమోదైన క్యాంపు మాది కాదనే అనుకుంటాను. అనుకుంటానంతే.

ఇంకో మెలిక ఉంది. బొమ్మ మార్కు నాకు కనిపిస్తుంది, పోలిక మార్కు కనిపించదు. పైన సర్వర్లో రెండు ముద్రలూ ఎంత దగ్గరగా ఉన్నాయో లెక్కకట్టి ఒక స్కోరు వస్తుంది, అది ఫలానా గీత దాటితే అవును, దాటకపోతే కాదు. నాకు అవును-కాదులే వస్తాయి. గీతకి వెంట్రుకవాసిలో ఆగిందా, ఆమడ దూరంలో ఆగిందా తెలియదు. దొంగలకి ఊతం దొరకకూడదని అలా పెట్టారు, అందులో న్యాయం ఉంది. కానీ వెంట్రుకవాసిలో ఆగినవాడూ, పక్కవాడి నంబర్ మీద వేలు పెట్టినవాడూ నా తెరమీద ఒకేలా కనిపిస్తారు.

ఈ గీత సంగతి మామ్మకి చెప్పడానికి నేను పడ్డ పాట్లు మీకు చెప్పాలి. చివరికి జీడిపప్పుతోనే చెప్పాను. పప్పుని గ్రేడు చేస్తారు కదా, 240 అంటే పౌనుకి 240 లోపు పప్పులు తూగే పెద్దరకం, 320 అంటే దానికంటే చిన్నది. "జల్లెడ కన్ను పెద్దది చేస్తే ఏమవుద్ది మామ్మా?" అన్నాను. "మంచి పప్పు కూడా కిందికి జారిపోద్ది" అంది. "చిన్నది చేస్తే?" "ముక్కలూ నూకా పైన ఉండిపోతాయి." అదే ఇదీను. గీత గట్టిగా పెడితే నీలాంటి అసలు మనుషులు జారిపోతారు, వదులుగా పెడితే నకిలీలు నిలబడిపోతారు. మామ్మ కాసేపు ఆలోచించి, "జల్లెడేసినాక మేం సేత్తో ఇంకోపాలి ఏరేవోళ్ళం. మీ పైవోళ్ళకి సేతుల్లేవేటి?" అంది. దానికి నా దగ్గర జవాబు లేదు.

చేత్తో ఏరడమంటే ఇక్కడ ఇంకో సెన్సర్ పెట్టడమే. మా మేనల్లుడు పుస్తకంలో చదివింది, నేను కౌంటర్ దగ్గర చూసింది కలిపి చెప్తాను. రెండు సెన్సర్లని రెండు రకాలుగా వాడొచ్చు. ఒక గదికి రెండు తాళాలు వేయొచ్చు, లేదా రెండు గుమ్మాలు పెట్టొచ్చు. వేలూ పడాలి, కన్నూ పడాలి అంటే రెండు తాళాలు. దొంగకి కష్టం, మామ్మకి ఇంకా కష్టం. వేలు పడకపోతే కన్ను చాలంటే రెండు గుమ్మాలు. మామ్మకి సుఖం, దొంగకీ ఇంకో దారి. మూడో పద్ధతి కూడా ఉంది: ఒక్కో సెన్సర్ ఇచ్చే మార్కుని ఒకే కొలమానంలోకి మార్చి, దేని మాట ఎంత నమ్మొచ్చో అంత బరువు వేసి, కలిపి, అప్పుడు గీత గీయడం. సంబంధం చూసేటప్పుడు మనం చేసేది ఇదే. జాతకం ఒక మాట చెబుతుంది, పక్కింటివాళ్ళు ఒక మాట చెబుతారు, పిల్లాడు ఒక మాట చెబుతాడు. మూడూ సమానమని ఎవరూ అనుకోరు, పక్కింటివాళ్ళ మాట బాగా తూగుతుంది.

కొమ్ము పనివాడి వేలికి తక్కువ బరువు, ముఖానికి ఎక్కువ బరువు వేయాలి. గుమస్తా తాతకైతే వేలికి తక్కువ, కంటికి ఎక్కువ. ఈ బరువులు మనిషి మనిషికీ మారతాయి. నా రూళ్ళ పుస్తకంలో ఉన్నది ఆ బరువులే. ఎవరికి ఏ వేలు బాగా పడుతుందో పరీక్షించి చెప్పే పద్ధతి ఆధార్‌లోనే వచ్చింది, ‘బెస్ట్ ఫింగర్’ అంటారు. రెండు వేళ్ళ ముద్రలు కలిపి చూసే పద్ధతీ ఉంది. కౌంటర్ దగ్గర వాటిని అడిగేవాళ్ళే తక్కువ. బొటనవేలు పెట్టు, పడలేదా, పో. నేనూ అలా అన్నదాన్నే కాబట్టి ఎవర్నీ అనను.

గుమస్తా తాత కళ్ళ సంగతి. ఆయన కేంద్ర ప్రభుత్వంలో గుమస్తాగా చేసి రిటైరైన మనిషి, నవంబర్ వస్తే లైఫ్ సర్టిఫికెట్, అంటే బతికే ఉన్నానన్న కాగితం, ఇవ్వాలి. ఇదివరకు ఆఫీసుకెళ్ళి ఎదురుగా నిలబడాల్సి వచ్చేది, 2014 నవంబర్‌లో జీవన్ ప్రమాణ్ అనే ఆన్‌లైన్ పద్ధతి వచ్చాక నా దగ్గరే అయిపోతోంది. ఆయన చర్మం ముసలితనంతో పల్చబడి వేలు పడదు. కంటిపాప చుట్టూ ఉండే రంగు వలయంలో నారల అల్లిక ఉంటుంది, అది చిన్నప్పుడే కుదురుకుని అలాగే ఉంటుంది. కెమెరా మామూలు వెలుతురు కాక, మన కంటికి కనపడని పరారుణ వెలుగు వేసి దాన్ని చూస్తుంది. మన నల్లకళ్ళలో మామూలు వెలుతురుకి అల్లిక కనపడదు, ఆ వెలుగుకి కనపడుతుంది. జాన్ డాగ్‌మన్ అనే ఆయన కనిపెట్టిన పద్ధతిలో ఆ అల్లికని 2048 సున్నాలూ ఒకట్లుగా మారుస్తారు. వేరు వేరు కళ్ళైతే దాదాపు సగం తేడా వస్తాయి, నాణెం ఎగరేసినట్టు. ఒకే కన్నైతే తేడా చాలా తక్కువ. మధ్యలో పెద్ద ఖాళీ ఉంది, గీత అక్కడ గీస్తారు. వేలిముద్రకి అంత ఖాళీ ఉండదు. అందుకే నాకు ఐరిస్ అంటే నమ్మకం. కానీ మధ్యాహ్నం ఎండ కిటికీలోంచి ఆయన కళ్ళలో పడితే అంతా గోవిందా. కిటికీకి పాత దుప్పటి కట్టాను. తాత రెప్పలు వాలిపోయి ఉంటాయి, "పెద్దగా తెరు తాతా" అంటే, "ముప్పై ఏళ్ళు ఫైళ్ళు చూసిన కళ్ళివి, నువ్వు నాకు చెప్తావా" అని ఒక రౌండు వేసుకుంటాడు.

ముఖం సంగతి ఇంకా కొత్త. లైఫ్ సర్టిఫికెట్లకి 2021 నవంబర్ నుంచి ముఖం తీసుకుంటున్నారు. ఒడిశాలో 2024 సెప్టెంబర్‌లో ఆడవాళ్ళ ఖాతాల్లో డబ్బులేసే సుభద్ర పథకం మొదలైనప్పుడు ఈకేవైసీకి ముఖం చూపించమన్నారు, మా అరుగు మీద ఆడవాళ్ళ జాతర. ఏడాదికి రెండు విడతల్లో పదివేలు. ఫోన్ ముందు కూర్చుని కళ్ళు ఆర్పమంటుంది. కళ్ళు ఆర్పమంటే అందరూ గట్టిగా మూసుకుని అలాగే ఉండిపోయేవాళ్ళు, ఫొటోలో కళ్ళు మూస్తే బాగోదని కొందరు అసలు ఆర్పేవాళ్ళు కాదు. ఫోనుకి మనిషి బదులు ఫొటో చూపించి మోసం చేయకుండా, బతికున్న మనిషేనా అని చూసే పరీక్ష అది. గుమ్మానికి వీపుపెట్టి కూర్చుంటే వెనక వెలుతురుకి ముఖం నల్లగా వస్తుంది. అరుగు మీద ఉత్తరం వైపు ముఖం పెట్టి కూర్చోబెడితే అందరికీ పడింది, కొమ్ము బాబాయితో సహా. "ఇన్నాళ్ళకి నా మొహం పనికొచ్చింది" అన్నాడు.

బతికున్న వేలేనా అని చూడటం ఎందుకంటారేమో. 2018లో పెద్దపల్లి జిల్లాలో సిమ్ కార్డులమ్మే ఒకతను, భూముల రిజిస్ట్రేషన్ కాగితాల మీద ఉన్న వేలిముద్రల్ని తీసుకుని, రబ్బరు స్టాంపులు చేసే పదార్థంతో నకిలీ వేళ్ళు చేసి సిమ్‌లు తెరిచాడు. తర్వాత ఇలాంటి రబ్బరు వేళ్ళతో ఖాతాల్లోంచి డబ్బులు తీసిన కేసులు చాలాచోట్ల వచ్చాయి. ఇంట్లో కూర్చున్న మనిషి సంతకం దొంగిలించడం వేరు, వేలు దొంగిలించడం వేరు. పాస్‌వర్డైతే మార్చుకుంటాం, వేలు మార్చుకోలేం కదా. 2023లో ఆధార్ వాళ్ళు చుక్కల పోలికతో పాటు పూర్తి బొమ్మని కూడా చూసి, వేలు నిజమైనదా కాదా తేల్చే ఏర్పాటు పెట్టారు. నా పాత మెషీన్ పేపర్‌వెయిట్ అయింది కూడా ఇందుకే. అందులో ముద్రకి తాళం వేసే పని కంప్యూటర్లో ఉన్న సాఫ్ట్‌వేర్ చేసేది, కొత్తదాంట్లో మెషీన్ లోపలి చిప్పే వేస్తుంది. మధ్యలో ఎవరూ చేయి పెట్టలేరు, నేను కూడా. మూడువేలు పోసి కొన్న పాతది మూలన పడిందని మొదట ఏడ్చాను, ఇప్పుడు రాత్రుళ్ళు హాయిగా నిద్రపడుతోంది.

మా మేనల్లుడి వాచీ గురించి కూడా ఒకటి చెప్పాలి. గుండె ఎంత వేగంగా కొట్టుకుంటుందో చూపిస్తుందని గొప్పలు పోతుంటే, "ఏదీ, అరటిపండుకి కట్టు" అన్నాను. ఫోన్లో ఎవరో చేసింది చూసి ఉన్నాను. కట్టాడు. కాసేపు తడబడి, అరటిపండుకి నిమిషానికి 76 అని చూపించింది. చర్మం మీద పచ్చవెలుగు వేసి, తిరిగొచ్చే వెలుగులో హెచ్చుతగ్గులు లెక్కపెడుతుంది అది. పండు మీద వెలుగు కదిలినా దానికి గుండే. ఎదురుగా ఉన్నది పండో మనిషో దానికి అక్కర్లేదు, ఏదో ఒక అంకె ఇవ్వడమే దాని పని. వాడు వారం రోజులు నాతో మాట్లాడలేదు.

ఇన్ని సెన్సర్లున్నా తీగ తెగితే అన్నీ దండగే. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుఫాను వచ్చి మా జిల్లాని ఊడ్చేసినప్పుడు రోజుల తరబడి కరెంటు లేదు, నెట్ లేదు. జనం ఖాతాలో డబ్బులున్నాయి, వేళ్ళున్నాయి, బియ్యం కొనడానికి చేతిలో కాగితం లేదు. ఆ రోజుల్లో పచారీ కొట్టువాళ్ళు మొహం చూసి అరువిచ్చారు. అది కూడా ఫేస్ అథెంటికేషనే అని మా ఆయన జోకు.

ఏదీ పడకపోతే? మనిషిని ఖాళీ చేతులతో పంపకూడదని రాసే ఉంది. ముద్ర పడలేదని రేషన్ ఆపొద్దు, ఐరిస్ చూడండి, ఓటీపీ చూడండి, అదీ కాకపోతే రిజిస్టర్‌లో రాసుకుని ఇవ్వండి అని 2017 అక్టోబర్‌లోనే ఆధార్ సంస్థ సర్క్యులర్ ఇచ్చింది. 2018 సెప్టెంబర్ 26న సుప్రీంకోర్టు తీర్పులోనూ ఆ మాట ఉంది. నా కౌంటర్‌కి వచ్చేసరికి ఆ కాగితాలు నాకు తెలియవు. తెలిసుంటే మామ్మ మూడుసార్లు బస్సెక్కేది కాదు.

ఇప్పుడు నేను చేసే మార్పు ఒక్క మాటలో ఉంది. తెరమీద సరిపోలలేదని వస్తుంది. ఒడియావాళ్ళు ‘మిళిలా నాహి’ అంటారు. నేను మాత్రం ‘వేలు పడలేదు’ అనే అంటాను. పడలేదంటే ఇంకో వేలు ఉంది, కన్ను ఉంది, ముఖం ఉంది, రేపు పొద్దున ఉంది. ‘నీది కాదంటోంది’ అని మా దుకాణంలో పనిచేసే పిల్ల ఒకసారి ఒకావిడతో అంటే, ఆ పూట టీ డబ్బులు దానిచేతే కట్టించాను.

పోయిన సంక్రాంతికి ఇంటికి నేనే సున్నం వేశాను. పనివాళ్ళు దొరకలేదు, చేతికి తొడుగులు వేసుకుందామని అనుకోలేదు. పండగ వెళ్ళాక దుకాణం తెరిచాను. డబ్బులు తీసే సర్వీసు తెరుచుకోవాలంటే రోజూ ముందు నా వేలే పడాలి. కుడి బొటనవేలు పెట్టాను. 300. తుడిచి మళ్ళీ పెట్టాను. 300. చూపుడు వేలు, 300. బయట పండగ ఖర్చులైపోయిన జనం, అరుగు నిండా. ముందు వరసలో జీడి మామ్మ, మనవడి చేయి పట్టుకుని. నాకు చెమటలు పడుతున్నాయి, చెమట పట్టిన వేలు ఇంకా పడదు.

మామ్మ మెడ చాపి తెరవంక చూసింది. ఆవిడకి చదువు రాదు గానీ ఆ ఎర్ర రంగు బాగా తెలుసు.

"సున్నమేసినావేటి పిల్లా? నుదుటికి రుద్దుకో" అంది. రుద్దుకున్నాను. పడలేదు.

"ఎడం సెయ్యి తియ్యి. పని సెయ్యని ఏలు పెట్టు."

పెట్టాను. పడింది.